దయ్యానికి మా నాయినమ్మ నోరు

ఆ రోజుల్లో మా యాసకు సినిమాల్లో దొరికే ఉద్యోగాలు బహు తక్కువ. రౌడీ పక్కన నిలబడి తన్నులు తినేవాడు మా భాష మాట్లాడేవాడు, తాగి మురికికాలవలో పడేవాడు మా భాష మాట్లాడేవాడు, హీరోయిన్ ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ మా భాష మాట్లాడేది. హీరో మాత్రం ఏ ఊళ్ళో పుట్టినా, ఏ గల్లీలో పెరిగినా, పుట్టిన దగ్గర్నుంచి బెజవాడ నీళ్ళే తాగినట్టు మాట్లాడేవాడు. మేము కూడా తక్కువ తిన్నామా, టికెట్టు కొనుక్కొని మరీ వెళ్ళి, మా మాటలకు మేమే పడీపడీ నవ్వి ఇంటికొచ్చేవాళ్ళం. (నవ్వకపోతే టికెట్టు దండగ కదా!) అలాంటి రోజుల్లో, అందులోనూ ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా దీక్షా శిబిరాల టెంట్లు లేచిన రోజుల్లో, మా భాషను తీసుకెళ్ళి ఏకంగా ఒక దయ్యం నోట్లో పెట్టిన ఘనుణ్ణి నేను. చెప్పుకుంటే సిగ్గు, చెప్పకపోతే కడుపుబ్బరం. సిగ్గుకంటే కడుపుబ్బరమే ఎక్కువ బాధ కనుక చెప్పేస్తున్నాను.

మాది మానుకోట పక్కన, బయ్యారం దారిలో ఒక చిన్న పల్లె. (మహబూబాబాద్ అని బోర్డుల మీద రాస్తారు గానీ, మాకు అది మానుకోటే.) మా నాయినమ్మ మిర్చి ఏరే కూలీల ముఠాకు పెద్ద. ముప్ఫైమంది ఆడవాళ్ళను పొద్దు పొడవకముందే లేపి, చేనుకు తోలుకెళ్ళి, సాలుకొకరిని నిలబెట్టి, పొద్దుగూకేదాకా వాళ్ళ చేతులు ఆగకుండా చూడటం ఆమె పని. దానికి ఆమె దగ్గర కర్ర లేదు, కాగితం లేదు, ఉన్నదల్లా నోరే. గట్టు మీద నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి ఆమె ఒక్క కేక వేసిందంటే అవతలి చేను కూలీలు కూడా ముచ్చట్లు ఆపి నడుం వంచేవాళ్ళు. "ఏయ్, సాలు ఇడువకుండ్రి! పండుకాయ ఏరుండ్రి, పచ్చికాయ జోలికి పోకుండ్రి! నడుమేమన్న బంగారందా, వంచితే అరుగుతదా?" అని మొదలయ్యేది. కోపం మరీ ముదిరితే ఒక తిట్టు ఉండేది: "నీ మూతికి తాలుకాయ రుద్ద!" తాలుకాయంటే రంగు పోయి, తెల్లబడి, బేరానికి పనికిరాని మిరపకాయ. మంచికాయ తిట్టుకు కూడా ఖర్చు చేసేది కాదు మా నాయినమ్మ, అంత పొదుపరి. ఆ తిట్టు భూమండలం మీద ఆమె ఒక్కతిదే. ముఠావాళ్ళంతా ఆమెను అవ్వా అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

నేను పట్నం వెళ్ళింది హీరోలకు గొంతు ఇద్దామని. కాలేజీలో నేను మైకు పట్టుకుంటే "రేడియోల మాట్లాడినట్టే ఉన్నది" అన్నారు నలుగురు. ఆ నలుగురూ చేసిన పాపమే ఇదంతా. పట్నంలో డబ్బింగ్ స్టూడియోవాళ్ళు నా గొంతు విని తల ఊపి, "బాగుంది బాబూ, కానీ యాస పోవాలి" అన్నారు. యాస ఏమన్నా జలుబా, ఆవిరి పడితే పోవడానికి? అయినా నేను పట్టుబట్టాను. అద్దె గదిలో అద్దం ముందు నిలబడి పొద్దున్నే పేపరంతా పైకి చదివేవాణ్ణి. "పోయిన" అని నోటిదాకా వచ్చినదాన్ని మింగి "వెళ్ళాను" అని కక్కేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి నా నోట్లోంచి వచ్చేది అటు బెజవాడదీ కాదు, ఇటు మానుకోటదీ కాదు. ఒకరోజు ఇంటికి ఫోన్ చేసి, "అవ్వా, ఎలా ఉన్నారు? భోజనం అయిందా?" అన్నాను. అవతల మా అవ్వ ఎంతో మర్యాదగా, "ఎవలు సారు మీరు? మా పిలగాడు పట్నంల ఉన్నడు, ఈడ లేడు" అంది. జీవితంలో ఆమె నాకు మర్యాద ఇచ్చింది ఆ ఒక్కసారే. నేనే అని తెలిశాక ఆమె నవ్వలేదు. "ఓ, నువ్వా" అని ఫోన్ మా నాయిన చేతికి ఇచ్చేసింది. ఆ "ఓ, నువ్వా" చాలా రోజులు నా చెవిలో ఉండిపోయింది.

ఇంత చేసినా నాకు దొరికింది గుంపు గొంతు పని. అంటే తెర మీద జనం పరిగెత్తుతుంటే "అమ్మో", "పట్టుకోండి", "అటు వెళ్ళాడు" అని పదిమందితో కలిసి అరవడం. ఏడాదిన్నర పాటు నేను దొంగల్ని పట్టుకోమని ఊరందరికీ చెప్పాను గానీ ఒక్క దొంగా దొరకలేదు. అప్పుడొచ్చింది ఆ సినిమా. అమెరికావాళ్ళ సినిమా, తెలుగులో దానికి 'ఉప్పు పిశాచాలు - రెండు' అని పేరు పెట్టారు. మొదటి భాగం అంతకుముందే వచ్చి పోయింది. మోకాలెత్తు జీవాలు, ఒళ్ళంతా ఆకుపచ్చ పొలుసు, మొహంలో సగం పళ్ళే. వాటి మీద ఉప్పు పడితే ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఆ మొదటి భాగం చూసి నేను వారం రోజులు కూరలో ఉప్పు వేసుకోలేదు. అంత భయం.

రెండో భాగం సంగతి వేరు. దాన్ని తీసినవాడెవడో గానీ వాడికి దండం పెట్టాలి. మొదటి భాగంలో తానే ఇంతమందిని భయపెట్టి, రెండో భాగంలో తనను తానే వెక్కిరించుకున్నాడు. ఈసారి పిశాచాలు ఒక నలభై అంతస్తుల హోటల్లో పడతాయి. అక్కడ మనుషుల్ని తినడం మాని కోట్లు తొడుక్కుంటాయి, లిఫ్టుల్లో ఎక్కి దిగుతాయి, వంటవాడికే వంట నేర్పుతాయి. హోటల్ దుకాణంలో ఆ మొదటి సినిమాలోని పిశాచం బొమ్మలూ మాస్కులూ అమ్ముతుంటారు. పిశాచాల పెద్ద ఆ మాస్కుల్లోంచి తన మాస్కే తీసి తొడుక్కొని అద్దంలో చూసుకొని కెవ్వుమని పడిపోతుంది. భయపెట్టేవాడు తన మొహం చూసి తానే భయపడటం ఎంత గొప్ప ఆలోచన! ధైర్యం లేనివాడు అలాంటి సినిమా తియ్యలేడు. ఇప్పటికీ నాకు అదే అభిప్రాయం.

ఆ సినిమాకు తెలుగు మాటలు రాసింది ఒక పెద్దాయన, మేము ఆయన్ని మాటల సారు అనేవాళ్ళం. కోస్తా మనిషి, తెల్లచొక్కా, నోట్లో ఎప్పుడూ వక్కపొడి. ఆయన మమ్మల్ని వరుసగా నిలబెట్టి, "హీరోది మామూలు తెలుగు. పిశాచాలది తెలంగాణా. కామెడీ పండాలి. మీలో అటువాళ్ళెవరోయ్?" అన్నారు. అందరూ నా వైపు చూశారు. ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియకుండా దాచుకున్నానని నేను అనుకుంటున్న సంగతి ఊరందరికీ తెలుసన్నమాట! పెద్ద పిశాచం వేషం, సినిమా నిండా మాటలు, పైగా చివర్లో తెర మీద నా పేరు. బయట చూస్తే ఉద్యమం. దయ్యానికి మా భాష పెట్టడం తప్పని నాకు తెలుసు. తెలిసీ ఒప్పుకున్నాను. గుంపులో అరిచి అరిచి విసిగిపోయానండీ, ఇంకేం లేదు.

తీరా మైకు ముందు నిలబడితే నాకు మాట రాలేదు. కాగితం మీద సినిమా తెలంగాణా రాసి ఉంది. రెండు మాటలకొక "ఏంది బై", మూడు మాటలకొక "గిట్లనా". మా ఊళ్ళో అలా ఎవరూ మాట్లాడరు. చదివాను, ఏడ్చినట్టుంది. మళ్ళీ చదివాను, దగ్గినట్టుంది. మాటల సారు అద్దం అవతల తల పట్టుకున్నారు. ఏడోసారో ఎనిమిదోసారో తెర మీద బొమ్మ కదిలింది. పెద్ద పిశాచం హోటల్ మెట్ల మీద నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకొని, కింద గుంపుగా నిలబడ్డ పిల్ల పిశాచాల వైపు చూసింది. ఒట్టు, నాకు మిర్చి చేను గట్టు కనబడింది. కాగితం ఎప్పుడు కింద పడిందో తెలియదు, నా గొంతు చీల్చుకొని బయటికొచ్చింది: "ఏయ్, సాలు పట్టుండ్రి! ముచ్చట్లు బంద్ జేయుండ్రి! నడుమేమన్న బంగారందా, వంచితే అరుగుతదా?" అద్దం అవతల ఇద్దరు ముగ్గురు కుర్చీల్లోంచి జారిపోయేంత నవ్వు. మాటల సారు నవ్వలేదు. వక్కపొడి నమలడం ఆపి లోపలికొచ్చి, "ఎవరిదోయ్ ఈ గొంతు?" అన్నారు. "మా నాయినమ్మది సార్" అన్నాను. ఆయన నేల మీది కాగితాన్ని తీసి మడిచి జేబులో పెట్టుకొని, "అయితే నేను రాసింది వద్దు. ఆవిణ్ణే మాట్లాడనీ" అని వెళ్ళి కూర్చున్నారు. తాను రాసిన కాగితాన్ని తానే మడిచి పెట్టుకున్న రచయితను మళ్ళీ నేను చూడలేదు.

మూడు రోజులు మా నాయినమ్మ ఆ పిశాచంలో కాపురం చేసింది. హోటల్ మేనేజరు గ్రాంథికంగా అరుస్తాడు, పిశాచం చేను గట్టు మీంచి సమాధానం చెబుతుంది. పిల్ల పిశాచాలు వంటింటి మీద పడే చోట మిర్చి ఏరుడు లెక్కంతా దింపేశాను. మాస్కు చూసి జడుసుకునే చోట ఏం అనాలో తోచక తాలుకాయ తిట్టు కూడా వాడేశాను. వాడిన క్షణంలో తెలియలేదు, నా మెడకు నేనే తాడు పేనుకుంటున్నానని.

సినిమా విడుదలైన రోజు మధ్యాహ్నం మా మైకు బావ ఫోన్. మైకు బావ అంటే మా మేనత్త కొడుకు, భూపాలపల్లి బొగ్గుబాయిలో పని. ఉద్యమం మొదలయ్యాక బాయిలో కంటే మానుకోట శిబిరంలోనే ఎక్కువ కనబడేవాడు. మైకు చేతికిస్తే రెండు గంటలు దింపడు కనుక ఆ పేరు. "అరేయ్, ఇన్నవా? ఎవడో సినిమావోడు దయ్యాలకు మన మాట వెట్టిండట! జనగామల పొద్దుగాల ఆటనే బంద్ వెట్టిచ్చిండ్రు మనోళ్ళు" అన్నాడు. "అవునా బావా" అన్నాను. "అవునానేందిరా! రేపు మానుకోటల పడ్తది. ఆ గొంతిచ్చినోడు మనోడేనట, గది ఇంక సిగ్గు. నువ్వు పట్నంల ఉంటివి, ఆ లైన్లనే ఉంటివి. జర వాని పేరు కనుక్కో. మానుకోటకు పట్కొచ్చి గాడిద మీద ఊరేగిస్తం." నేను గొంతు సవరించుకొని, "తప్పకుండా కనుక్కుంటా బావా" అన్నాను. ఇంత నమ్మకంగా ఏ హీరోకూ గొంతు ఇవ్వలేదు నేను.

ఉండబట్టలేక మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. ఎవరో చెప్పి అవ్వకు తెలిసేకంటే నేనే చెప్పుకోవడం మేలని. జనగామ స్టేషన్లో గోడ మీద మా పోస్టరు సగం చింపి ఉంది. మిగిలిన సగంలో పెద్ద పిశాచం నోరు ఒక్కటే నవ్వుతోంది. మానుకోటలో దిగి శిబిరానికి వెళ్తే టెంటు కింద మా మిర్చి ముఠా మొత్తం కూర్చొని ఉంది. ఏరుడు అయిపోయిన రోజులు కనుక ఆ నెలంతా వాళ్ళదే శిబిరం. నడుమ మా అవ్వ. నన్ను చూసి, "వచ్చినవా సారు" అంది. సారు! చెప్పాలనుకున్నది పక్కన పెట్టి టెంటు మూలన కూర్చున్నాను. మైకు బావ అప్పటికే లేచి, మధ్యాహ్నం ఆట మొదలుకాకముందే టాకీసు గేటు మూయించాలని ఉపన్యాసం ఎత్తుకున్నాడు. నేను మనసులోనే ఆ గేటుకు తాళం వేశాను. మూస్తే నేను బతికినట్టే. కానీ మా అవ్వ చెయ్యెత్తింది. "ఓ పిలగా, ఆగు. నువ్వు సూసినవా ఆ బొమ్మ?" "సూడకున్నా తెల్సు అవ్వా, మనల్ని దయ్యాలన్నరు." "కాయ సూడకుండనే తాలంటవా? ఇన్నేండ్లు మిర్చి ఏరిన, చేతుల వట్టి సూడంది ఒక్క కాయను తాలనలే. ముందుగాల సూద్దాం. తాలైతే పారవోద్దాం." ముప్ఫైమందీ ఒక్కసారి లేచారు, ఇక బావ మాత్రం ఏమంటాడు?

అలా మిర్చి ముఠా, శిబిరం పిల్లలు, మైకుతో సహా మా బావ, అందరం టాకీసులోకి వెళ్ళాం. ఏర్పాటు ఏమిటంటే, దయ్యం నోరు తెరిచి మన భాషలో మొదటి మాట అనగానే బావ లేచి నినాదం ఎత్తుకుంటాడు, అందరూ అందుకుంటారు, ఆట ఆగిపోతుంది. నన్ను బావకూ అవ్వకూ నడుమ కూర్చోబెట్టారు. అటు కదిలితే బావ, ఇటు కదిలితే అవ్వ, ముందుకు చూస్తే నేనే. సినిమా మొదలైంది. హీరో వచ్చాడు, చక్కని తెలుగులో ఏదో చెప్పాడు, ఎవరికీ పట్టలేదు. ఇంతలో పెద్ద పిశాచం మెట్ల మీదికొచ్చి నడుం మీద చేతులు పెట్టింది. బావ మైకు పట్టుకొని లేచాడు. నేను కళ్ళు మూసుకున్నాను. "ఏయ్, సాలు పట్టుండ్రి! ముచ్చట్లు బంద్ జేయుండ్రి!"

వెనక రెండు వరుసల్లో మిర్చి ముఠా గొల్లుమంది. "అగో, సాలు పట్టుమంటుందే!" "దీనక్క, మన చేన్లకు ఎప్పుడొచ్చిందే ఇది?" బావ "జై" అనేదాకా వచ్చి ఆగిపోయాడు. వెనకనుంచి ఒక వదిన, "కూసో తమ్మీ, కనవడ్తలేదు" అని భుజం పట్టి గుంజింది. పిశాచాలు వంటింటి మీద పడ్డాయి, "పండుకాయ ఏరుండ్రి, పచ్చికాయ జోలికి పోకుండ్రి" అంటూ పెద్ద పిశాచం టమాటాలు ఏరిస్తుంటే ముఠావాళ్ళు కూర్చున్న చోటే చేతులాడించారు. అప్పుడు హోటల్ మేనేజరు గంభీరంగా, "మీరందరూ ఈ భవనాన్ని తక్షణమే ఖాళీ చేసి వెళ్ళిపోవాలి!" అన్నాడు. పిశాచం అతన్ని కింది నుంచి పైదాకా చూసి, "ఎటు పోవాలె? మేం పుట్టిందే ఈడ. నీ ఓటలు కట్టకముందు కెల్లి ఉన్నం. పో, పోయి చాయ తాగు" అంది. మానుకోట టాకీసు పైకప్పు లేచిపోయిందంటే నమ్మండి. ఈలలు, చప్పట్లు, తువ్వాళ్ళు గాల్లోకి. మైకు బావ మైకు ఒళ్ళో పెట్టుకొని రెండు వేళ్ళు నోట్లో పెట్టి వేసిన ఈల నా ఎడమ చెవిలో ఇప్పటికీ ఉంది. (ఆ మాట నేను మైకు ముందు నోటికొచ్చి అన్నదే. మాటల సారుకు అందులోని సంగతి అర్థం కాక వదిలేశారని అప్పట్లో అనుకున్నాను. అర్థమయ్యే వదిలేశారని ఇప్పుడు అనుకుంటున్నాను.)

ఇంత గోలలో నవ్వనిది మా అవ్వ ఒక్కతే. ఆమె నోరు మూసుకొని అంతసేపు కూర్చోగా నేను పుట్టి చూడలేదు. తల కొంచెం వంచి, చెవి తెర వైపు పెట్టి, కాయ మంచిదో తాలో చూసేటప్పుడు పెట్టే మొహమే పెట్టుకొని కూర్చుంది. మాస్కు ఘట్టం వచ్చింది. పిశాచం తన మొహం తానే చూసి జడుసుకొని, వెల్లకిలా పడి, లేచి, ఆ మాస్కుకు ఒక్కటిచ్చి, "ఏం మొఖమే ఇది! నీ మూతికి తాలుకాయ రుద్ద!" అంది. వెనక ముఠా మొత్తం నవ్వుతూ నవ్వుతూ చటుక్కున ఆగింది. ఎవరో, "అవ్వా... గది నీ తిట్టు గాదే?" అంది మెల్లగా. చీకట్లో ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు మిర్చి ఏరిన చెయ్యి, పట్టుకుంటే మంట. "కదలకు. బొమ్మ అయిపోనీ" అంది మా అవ్వ.

తర్వాత ఏం జరిగిందో సినిమాలో నేను చూడలేదు. చివర్లో హోటలువాళ్ళు పిశాచాలన్నిటినీ పెద్ద పంచదార పాకం తొట్టిలో పడేస్తారని, పెద్ద పిశాచం చెయ్యి ఊపుకుంటూ మునిగిపోతుందని మాత్రం తెలుసు. జనం అయ్యో అన్నారు. లైట్లు వెలిగాయి. మా అవ్వ నా చెయ్యి వదలకుండానే టాకీసు ముందరి ఖాళీ జాగాలోకి లాక్కొచ్చింది. చుట్టూ ముఠా, పక్కన బావ. "మా ఇంటి తిట్టు అమెరికాల దయ్యానికి ఎట్ల తెల్సిందిరా?" అంది. ఏడాదిపాటు నేర్చుకున్న తెలుగంతా ఎటు పోయిందో పోయింది. "నేనే చెప్పిన అవ్వా. ఆ గొంతు నాదే. తప్పయింది" అన్నాను. బావ మైకు కిందికి దించి, "అంటే... నేను గాడిదను ఎక్కియ్యాల్సింది... నిన్నారా?" అన్నాడు. నేను తల దించుకున్నాను. బావ ఊరేగించినా ఫరవాలేదు. అవ్వ మళ్ళీ ఒకసారి సారు అంటే మాత్రం నేను బతకలేను, అదొక్కటే అనిపించింది ఆ క్షణంలో.

అవ్వ నా గదుమ పట్టి మొహం పైకెత్తింది. "పట్నం పోయి మాట పారేస్కున్నవనుకున్న బిడ్డా. ఫోన్ల నువ్వు మాట్లాడితే ఆ రాత్రి నాకు బువ్వ పోలే. పారేస్కోలేదన్నట్టు. దాసిపెట్టుకున్నవ్." నాకు ఏడుపు ఆగలేదు. ముప్ఫైమంది ఆడవాళ్ళ ముందు, టాకీసు గేటు దగ్గర, చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. ఆమె కొంగుతో నా మొహం తుడిచి, బావ వైపు తిరిగి, "పిలగా, ఇది తాలు గాదు. నంబర్ వన్ కాయ. నేను చేన్ల ఇన్నేండ్లు ఒర్రితే గట్టు దాటలే నా మాట. ఇయ్యాల ఇంతమంది ఇన్నరు" అంది. ఊపిరి పీల్చుకున్నాను. అంతలోనే ఆమె మళ్ళీ నా చెయ్యి పట్టుకుంది. "అన్ని మంచిగున్నయ్ గని, నన్నెందుకు సంపినవ్?" "నేను చంపలేదవ్వా, అమెరికావాళ్ళు..." "పాకంల పడితే ఎవడన్న సస్తడా? నేను గంత అల్కగ సస్తనా? సావలే అది. సచ్చినట్టు నటిస్తుంది. మూడో భాగంల వస్తది, సూడు."

గాడిద సంగతి అందరూ మర్చిపోయారు. బావ మాత్రం ఊరేగింపు సంగతి మర్చిపోలేదు. మర్నాడు ముఠావాళ్ళు పాత పేపర్లు అతికించి, ఆకుపచ్చ రంగు పూసి పిశాచాల మాస్కులు చేసుకొని, రోడ్డు మీద వంటావార్పు దగ్గర కూర్చున్నారు. దయ్యాలంటారా, మేం దయ్యాలమే, ఏం జేస్తరు అన్నట్టు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే మా అవ్వ మాస్కు నెత్తి మీదికి నెట్టుకొని, మైకు అందుకొని, "ఎటు పోవాలె? మేం పుట్టిందే ఈడ!" అంది. నేను దయ్యానికి ఇచ్చిన మాటను ఆమె నానుంచి వెనక్కి తీసుకుంది. జనం ఊగిపోయారు. రెండు గంటల మైకు బావకు ఆ రోజు మైకు దొరకలేదు. తర్వాత ఆ మాస్కుల ముచ్చట భూపాలపల్లి దాకా పోయింది. అక్కడ బాయి దిగివచ్చిన కార్మికులు, "మా మొఖాలు సూడుండ్రి, మాకు మాస్కులెందుకు?" అన్నారట. తన మొహం చూసి తానే నవ్వుకోగలిగినవాణ్ణి ఇంకెవరూ వెక్కిరించలేరని ఆ సినిమా తీసినవాడికి తెలుసు, మావాళ్ళకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

ఇప్పుడు రాష్ట్రం వచ్చింది. మా యాసకు సినిమాల్లో ప్రమోషన్ కూడా వచ్చింది, హీరోలే మాట్లాడుతున్నారు. కుర్ర డైరెక్టర్లు నన్ను పిలిచి, "సార్, జర మంచిగ తెలంగాణల చెప్పుండ్రి" అంటారు. అద్దం ముందు నిలబడి ఏడాదిపాటు నోరు కడుక్కున్న ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే జాలీ వేస్తుంది, ఒక్కటిద్దామనీ అనిపిస్తుంది. మా అవ్వ పోయి చాలా కాలమైంది. ఫొటోలు ఉన్నాయి గానీ ఆమె మాట ఎక్కడా లేదు. గొంతులతో బతికేవాణ్ణి, ఇంట్లో అంత గొంతు పెట్టుకొని ఒక్కసారి కూడా మైకు ఆమె ముందు పెట్టలేదు. అందుకని మొన్న మా చిన్నది, "డాడీ, ముత్తవ్వ ఎట్ల మాట్లాడేది?" అని అడిగితే, వెతికి వెతికి ఆ పాత సీడీ తీసి ఉప్పు పిశాచాలు పెట్టాను. సాలు పట్టుమంటే నవ్వింది, తాలుకాయ తిట్టుకు పొట్ట పట్టుకొని దొర్లింది. చివర్లో పెద్ద పిశాచం చెయ్యి ఊపుతూ పాకంలో మునిగిపోతుంటే మాత్రం దాని మొహం చిన్నబోయింది. నా చొక్కా పట్టుకొని, "సచ్చిపోయిందా?" అంది.

"సావలే బిడ్డా" అన్నాను. "నటిస్తుంది. మూడో భాగంల వస్తది, సూడు."